చెవి దిబ్బడే కదా అని ఆదివారం దాటించేయాలా?

ప్రశ్న: నా వయసు 46. తణుకులో ఉంటాం, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. గురువారం పొద్దున నిద్ర లేచేసరికి ఎడమ చెవి దిబ్బడ వేసినట్టు ఉంది. నొప్పి లేదు, జ్వరం లేదు. లోపల పాత ఫ్రిజ్ తిరుగుతున్నట్టు ఒకటే హోరు. ఫోన్ ఆ చెవికి పెట్టుకుంటే అవతల ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తోంది గానీ మాట అర్థం కావట్లేదు. మెడికల్ షాపులో అడిగితే గులిమి అయ్యుంటుందని చుక్కల మందు ఇచ్చారు. అప్పట్నుంచీ వేస్తున్నా తేడా లేదు. మా అత్తగారు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోద్దామంటున్నారు. మావారేమో జలుబు వల్ల అయ్యుంటుంది, అదే పోతుంది అంటున్నారు. నాకు ఆరేళ్లుగా షుగర్ ఉంది. ఈ రోజు ఆదివారం. వచ్చే గురువారం మా తమ్ముడి కూతురి ఓణీల ఫంక్షన్. అది అయిపోయాక డాక్టర్ దగ్గరికి వెళ్దామనుకుంటున్నాం. ఈ మాత్రం దానికి ఎమర్జెన్సీకి పరిగెత్తితే నవ్వుతారేమోనని మొహమాటంగా ఉంది. వెళ్లాలా, ఆగొచ్చా?

జవాబు: ఆగొద్దమ్మా. ఈ శీర్షికలో జవాబు రావడానికి వారాలు పడుతుంది, మీ చెవికి అంత వ్యవధి లేదు. అందుకే మీ ఉత్తరం చూసిన సాయంత్రమే మీకు విడిగా కబురు చేశాం: రేపు పొద్దున్నే ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి, ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించుకోండి, ఫంక్షన్ అయ్యాక చూద్దామన్న మాట పక్కన పెట్టండి అని. ఎందుకంత తొందర పెట్టామో ఇక్కడ వివరంగా చెప్తాను. ఇదే పరిస్థితి రేపు ఇంకో ఇంట్లో రావచ్చు.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టినవి మూడు. ఒకటే చెవి. రాత్రికి రాత్రే. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి పెద్దదేం కాదులే అనుకుంటారు అందరూ. చెవి విషయంలో ఆ లెక్క పనిచేయదు. నొప్పి, చీము, జ్వరం ఎక్కువగా బయటి చెవికో, కర్ణభేరి వెనక ఉండే మధ్య చెవికో సంబంధించినవి. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే కాక్లియా అనే భాగం, అక్కణ్నుంచి మెదడుకి వెళ్లే నరం దెబ్బతింటే నొప్పి ఉండదు. వినికిడి తగ్గుతుంది, హోరు మొదలవుతుంది, కొందరికి కళ్లు తిరుగుతాయి. అంతే. చాలామంది దీన్ని నిద్ర లేవగానే గమనిస్తారు, లేదా మీలాగే ఫోన్ ఎత్తినప్పుడు.

72 గంటల్లోపు, ఆడియోమెట్రీలో వరసగా ఉన్న మూడు ఫ్రీక్వెన్సీల్లో (శబ్దపు శ్రుతుల్లో) కనీసం 30 డెసిబెల్స్ మేర నరానికి సంబంధించిన వినికిడి పడిపోతే దాన్ని ఆకస్మిక నరాల చెవుడు అంటారు. గుసగుసగా మాట్లాడే మాట సుమారు 30 డెసిబెల్స్ ఉంటుంది కాబట్టి ఆ నష్టం ఏపాటిదో ఊహించుకోవచ్చు. ఇది మరీ అరుదేం కాదు. అమెరికా లెక్కల ప్రకారం ఏడాదికి లక్ష మందిలో 5 నుంచి 27 మందికి వస్తుంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఎందుకొచ్చిందో ఎంత వెతికినా తేలదు. వైరస్ అని, రక్తప్రసారం ఆగడమని, మన రోగనిరోధక శక్తే లోపలి చెవి మీద తిరగబడిందని రకరకాల వాదనలున్నాయి. కాక్లియాకి రక్తం అందించేది ఒకే ఒక సన్నటి ధమని, దానికి ఆసరాగా ఇంకో దారి లేదు. అక్కడ శబ్దాన్ని నరానికి అందించే సూక్ష్మమైన కేశ కణాలు ఒకసారి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. తొందర అందుకే. కణాలు వాచి, నీరసించి ఉన్న దశలో మందు పడితే కోలుకునే అవకాశం ఉంటుంది. ఆ దశ దాటితే మందుకి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు.

అయితే ఇది గులిమి కూడా కావచ్చుగా? కావచ్చు. తలస్నానం చేశాక చెవిలోని గులిమి నీళ్లు పీల్చుకుని ఉబ్బి, ఒక్కసారిగా దారి మూసేస్తుంది. అది కూడా అచ్చం ఇలాగే దిబ్బడగా ఉంటుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. గులిమికీ, నరం దెబ్బకీ తేడా పేషెంటుకి లోపలినుంచి తెలియదు. మెడికల్ షాపు కౌంటర్ అవతల నిలబడ్డ అబ్బాయికీ తెలియదు.

ఇంట్లోనే చేసుకోగలిగిన చిన్న పరీక్ష ఒకటుంది. ఫ్యాను, టీవీ ఆపి కూర్చోండి. ముందు బాగున్న చెవిని వేలితో గట్టిగా మూసి, ‘ఓం’ అని చివరి మకారాన్ని పెదాలు మూసుకుని సాగదీయండి. శబ్దం మూసిన చెవిలోకే వచ్చి మోగుతుంది. దారి మూసుకుపోయిన చెవిలో మన గొంతు పెద్దగా వినపడుతుందని దీంతో అర్థమవుతుంది. ఇప్పుడు వేలు తీసేసి, రెండు చెవులూ వదిలేసి మళ్లీ అలాగే అనండి. శబ్దం దిబ్బడగా ఉన్న చెవిలోనే ఎక్కువ మోగితే గులిమి, జలుబు నీరు లాంటి అడ్డు అయ్యే అవకాశం ఎక్కువ. బాగున్న చెవి వైపు వెళ్లిపోతే నరం మీద అనుమానం పెరుగుతుంది. డాక్టర్ 512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌ని మోగించి మీ నుదుటి మీద పెట్టి ‘ఎటు వినపడుతోంది?’ అని అడిగేదీ దీనికోసమే.

ఒక్క షరతు. ఈ పరీక్ష మిమ్మల్ని ఆసుపత్రికి త్వరగా తీసుకెళ్లడానికి మాత్రమే, ఇంట్లో కూర్చోబెట్టడానికి కాదు. ‘ఎడమవైపే మోగింది, గులిమేనట’ అని ఇంకో వారం చుక్కలు వేసుకుంటానంటే నేను ఒప్పుకోను.

చుక్కల సంగతికొస్తే, ఇక ఆపేయండి. అత్తగారికి నా మాటగా నచ్చజెప్పండి, ఆవిడ ప్రేమతోనే అంటున్నారు గానీ కాచిన నూనె చెవిలో పోస్తే లోపలి చర్మం కాలిన కేసులు ఈఎన్‌టీ ఓపీల్లో కొత్తేం కాదు. కర్ణభేరికి మనకి తెలియని చిల్లు ఏదైనా ఉంటే నూనె, వెల్లుల్లి ముక్కలు నేరుగా మధ్య చెవిలోకే పోతాయి. కాలకపోయినా ఇంకో ఇబ్బంది: నూనెతో నిండిన చెవిలో డాక్టర్‌కి కర్ణభేరి కనపడదు, ముందు దాన్ని సక్షన్ చేసి తీయాలి. పిన్నీసు, అగ్గిపుల్ల, ఇయర్ బడ్ సంగతి చెప్పక్కర్లేదనుకుంటా, మీరే పిల్లలకి చెప్పే ఉంటారు.

ఇప్పుడు ఎమర్జెన్సీ మాట. 108కి ఫోన్ చేయాల్సిన సందర్భం వేరే ఉంది. వినికిడి పోవడంతో పాటు మూతి పక్కకి లాగడం, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనపడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం, మొహం ఒకవైపు మొద్దుబారడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, నిలబడితే ఒకవైపు తూలిపోయి నడవలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది చెవి సమస్య అనుకోకూడదు. మెదడు వెనక భాగానికి వెళ్లే ఒక రక్తనాళం నుంచే చాలామందిలో లోపలి చెవికీ రక్తం అందుతుంది. అది మూసుకుపోతే పక్షవాతం చెవుడు రూపంలో మొదలవ్వొచ్చు. బీపీ, షుగర్ ఉన్నవాళ్లలో, పొగ తాగేవాళ్లలో, వయసు పైబడినవాళ్లలో ఈ అనుమానం ఇంకాస్త గట్టిగా ఉండాలి. రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి ఉన్న వ్యవధి మామూలుగా నాలుగున్నర గంటలే కాబట్టి అప్పుడు ఈఎన్‌టీ డాక్టర్‌ని వెతుక్కుంటూ తిరగొద్దు, సీటీ స్కాన్, న్యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి వెళ్లాలి. తలకి దెబ్బ తగిలాక వినికిడి పోయినా, చెవిలోంచి రక్తమో నీళ్లలాంటి ద్రవమో కారినా నేరుగా క్యాజువాలిటీకే.

ఉత్త కళ్లు తిరగడం దగ్గర కొంచెం తికమక ఉంటుంది. లోపలి చెవి దెబ్బతిన్నవాళ్లలో మూడో వంతు నుంచి సగానికి పైగా మందికి కళ్లు తిరుగుతాయి, వాంతులవుతాయి. అది పక్షవాతం కాకపోవచ్చు. కానీ ఇంట్లో తేల్చుకునే విషయం కాదు. గది మొత్తం గిర్రున తిరుగుతూ చెవి కూడా వినపడకపోతే ఆ రాత్రే వెళ్లండి.

మీకు అవేవీ లేవు. మరి ఆదివారం క్యాజువాలిటీకి వెళ్తే ఏమవుతుంది? ఎవరూ నవ్వరు. కానీ నిజం చెప్పాలంటే, చాలా ఊళ్లలో ఆదివారం పూట ఆడియోమెట్రీ గది తాళం వేసి ఉంటుంది, డ్యూటీ డాక్టర్ చెవిలో లైటు వేసి చూసి యాంటీబయాటిక్ రాసి పంపేస్తారు. అలా వచ్చేయడం చేతులారా ప్రమాదం తెచ్చుకోవడమే, ఎందుకంటే ‘డాక్టర్ చూశారు కదా’ అన్న ధీమాతో ఆ కోర్సు అయ్యేదాకా మనం ఆగిపోతాం. ఈఎన్‌టీ డ్యూటీలో ఉన్న బోధనాసుపత్రి గంట దూరంలో ఉంటే ఆదివారమైనా వెళ్లిపోండి. లేకపోతే సోమవారం పొద్దున ఓపీ తెరిచే టైమ్‌కి అక్కడ ఉండండి. ఒక రాత్రి తేడాతో చెవి పోదు, వారం తేడాతో పోవచ్చు. మందు మొదలుపెట్టడానికి మొదటి రెండు వారాలు కీలకం, అందులోనూ ఎంత ముందైతే అంత మంచిది. మీకు అప్పటికే నాలుగు రోజులు గడిచిపోయాయి.

ప్రభుత్వ ఆసుపత్రి కావాలంటే ప్రతి బోధనాసుపత్రిలోనూ ఈఎన్‌టీ విభాగం ఉంటుంది. హైదరాబాద్ కోఠిలోనూ, విశాఖలోనూ ఒక్క ఈఎన్‌టీకే ప్రత్యేకంగా ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి.

రిసెప్షన్‌లో ఏం చెప్తారన్నది కూడా ముఖ్యమే. ‘చెవి దిబ్బడగా ఉందండీ’ అంటే టోకెన్ ఇచ్చి ‘మధ్యాహ్నం రండి’ అంటారు, లేదా ఎల్లుండికి అపాయింట్‌మెంట్ ఇస్తారు. ‘గురువారం పొద్దున్నించీ ఒక చెవి ఒక్కసారిగా వినపడటం ఆగిపోయింది, ఈ రోజే ఆడియోమెట్రీ కావాలి’ అనండి. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్లకి ఇది ఇంకా అవసరం. అక్కడ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) అపాయింట్‌మెంట్‌కి రోజులు పడుతుంది గానీ, మూడు రోజుల్లోపు ముదిరి, గత 30 రోజుల్లో వచ్చిన వినికిడి లోపమైతే 24 గంటల్లో నిపుణులు చూడాలని అక్కడి వైద్య ప్రమాణాల సంస్థ నైస్ మార్గదర్శకాలే చెప్తున్నాయి. ఫోన్ చేసినప్పుడు ఆ మాట గుర్తుచేయడంలో తప్పేం లేదు.

లోపలికి వెళ్లాక డాక్టర్ ముందు చెవిలోకి చూస్తారు. గులిమి ఉంటే తీసేస్తారు. తీసిన వెంటనే టక్కున వినపడిందా, హాయిగా ఇంటికి వచ్చేయండి. తీశాక కూడా తేడా లేకపోతే మాత్రం ‘రెండ్రోజుల్లో సర్దుకుంటుంది’ అన్నా లేచి రాకండి, ఆడియోమెట్రీ అడగండి. గులిమీ ఉండి, దాని వెనక నరం దెబ్బా ఉండటం జరిగేదే. ఆడియోమెట్రీకి నొప్పేం ఉండదు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కడమే. కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు వేస్తారు. ఆ నీలం గీత ఎంత కిందికి దిగితే నష్టం అంత ఎక్కువ. ఈ దశలో తలకి సీటీ స్కాన్, బోలెడు రక్త పరీక్షలు మామూలుగా అక్కర్లేదు, మీ షుగర్ సంగతి తప్ప.

నరం దెబ్బే అని తేలితే సాధారణంగా ఇచ్చేది స్టెరాయిడ్. ప్రెడ్నిసొలోన్ మాత్రలు కిలో బరువుకి ఒక మిల్లీగ్రాము చొప్పున, రోజుకి 60 మిల్లీగ్రాములు మించకుండా, 10 నుంచి 14 రోజులు ఇచ్చి తగ్గించుకుంటూ ఆపుతారు. ఇది చదివి ఎవరూ షాపులో కొనుక్కుని మింగేయకండి, ముఖ్యంగా మీలా షుగర్ ఉన్నవాళ్లు. స్టెరాయిడ్ పొద్దున వేసుకుంటే షుగర్ ఎక్కువగా మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఎగబాకుతుంది. పరగడుపున చూస్తే నార్మల్‌గానే కనిపించి మోసం చేస్తుంది. అందుకని ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే మధ్యాహ్నం భోజనం అయిన రెండు గంటలకీ, రాత్రి భోజనానికి ముందూ చూసుకోండి, మీ షుగర్ డాక్టర్‌కి ముందే చెప్పి ఉంచండి.

షుగర్ అదుపులో లేకపోతే ఇంకో దారి ఉంది. అదే మందుని సన్నటి సూదితో కర్ణభేరి గుండా మధ్య చెవిలోకి ఎక్కిస్తారు. వినడానికి భయంగా ఉంటుంది గానీ ముందు మొద్దుబారేలా చేస్తారు. ఆ తర్వాత ఆ చెవి పైకి ఉండేలా ఓ అరగంట పక్కకి తిరిగి పడుకోవాలి, మాట్లాడకూడదు, గుటకలు వేయకూడదు, లేకపోతే మందు గొంతులోకి జారిపోతుంది. కొన్ని క్షణాలు కళ్లు తిరగొచ్చు. కొన్ని రోజుల ఎడంతో కొన్నిసార్లు చేస్తారు. మందు అక్కడికక్కడే పనిచేస్తుంది కాబట్టి షుగర్ మీద ప్రభావం తక్కువ. ఈ సదుపాయం ఉందా అని మీరే అడగండి.

స్టెరాయిడ్ వేస్తే తప్పకుండా వచ్చేస్తుందా అంటే, అలా ఎవరూ హామీ ఇవ్వలేరు. ఏ మందూ లేకుండానే మూడో వంతు నుంచి మూడింట రెండొంతుల మందికి ఎంతో కొంత వినికిడి తిరిగొస్తుందని లెక్కలున్నాయి. స్టెరాయిడ్ దానికి ఎంత కలుపుతుందన్న దాని మీద డాక్టర్లలోనే వాదనలున్నాయి. అయినా ఇస్తారు, ఇవ్వాలనే నేనూ అంటాను. పోయేది శాశ్వతంగా ఒక చెవి, రెండు వారాల మాత్రల ఇబ్బంది దాని ముందు చిన్నది. అదే సమయంలో, నరాలకి బలమని రాసే విటమిన్ సీసాలు, రక్తం పల్చబడే మాత్రలు, వైరస్ మందులు ఈ సమస్యకి మేలు చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. చీటీ పొడుగ్గా ఉన్నంత మాత్రాన మంచి వైద్యం అనుకోవద్దు. ప్రెజర్ చాంబర్‌లో ఆక్సిజన్ ఇచ్చే హైపర్‌బారిక్ చికిత్సని స్టెరాయిడ్‌తో కలిపి కొందరికి సూచిస్తారు, అది పెద్ద నగరాల్లోనే దొరుకుతుంది, ఖర్చూ ఎక్కువే.

ఓణీల ఫంక్షన్‌కి నిక్షేపంగా వెళ్లండి. మందు మొదలుపెట్టి వెళ్లండి, డీజే బాక్సులకి దూరంగా కూర్చోండి, స్వీట్ల దగ్గర చెయ్యి కట్టేసుకోండి. చుట్టాలు ఎడమవైపు నుంచి పిలిస్తే పలకలేదని అలుగుతారేమో, ముందే చెప్పేయండి.

జలుబు, విమానం మాట కూడా చెప్పాలి, మీవారి అనుమానం అదే కాబట్టి. జలుబు చేసినప్పుడు, విమానం దిగేటప్పుడు చెవి దిబ్బడ వేయడం మామూలే. గుటక వేస్తేనో, ఆవలిస్తేనో టప్‌మని తెరుచుకుంటుంది, కాసేపు వినపడటం కాసేపు వినపడకపోవడంగా ఉంటుంది. అలా కాకుండా ఒకే చెవి, ఒకే తీరుగా, హోరుతో సహా మర్నాటికీ అలాగే ఉంటే జలుబు మీద నెట్టేయకూడదు. గాయని అల్కా యాగ్నిక్ 2024 జూన్‌లో తన సంగతి బయటపెట్టారు. విమానం దిగి వస్తుంటే ఒక్కసారిగా ఏమీ వినపడలేదని, వైరల్ ఎటాక్ వల్ల వచ్చిన నరాల చెవుడని డాక్టర్లు తేల్చారని ఆవిడే రాశారు. విమానం దిగాక వినపడకపోతే గాలి ఒత్తిడే అనుకుంటాం ఎవరమైనా.

దీపావళి మర్నాడు వచ్చే ఉత్తరాలకి కూడా ఇక్కడే జవాబు: బాంబు చెవి పక్కనే పేలాక దిబ్బడ, హోరు వస్తే పొద్దుటికి తగ్గిపోవాలి. తగ్గకపోతే ఇదే దారి, ఈఎన్‌టీ, ఆడియోమెట్రీ. చెంపదెబ్బకి కర్ణభేరి చిరగడం వేరే కథ. ఎక్కువసార్లు దానంతటదే మూసుకుంటుంది, అప్పటిదాకా చుక్క నీరు పోకూడదు, చుక్కల మందూ వేయకూడదు. కొట్టింది ఎవరన్నది డాక్టర్‌కి దాచిపెట్టక్కర్లేదు. పిల్లలకి గవదబిళ్లల తర్వాత ఒక చెవి పూర్తిగా పోవచ్చు, వాళ్లు చెప్పరు, ఫోన్ ఎప్పుడూ ఒకే చెవికి పెట్టుకోవడం చూసి మనమే పట్టుకోవాలి. పిల్లల చెవిలో బొమ్మల బటన్ బ్యాటరీ ఇరుక్కుంటే మాత్రం గంటల్లో చర్మం కాలిపోతుంది, అది ఆ క్షణమే ఆసుపత్రి.

ఇంకా, వినికిడి తిరిగొచ్చినా రాకపోయినా ఒక పరీక్ష బాకీ ఉంటుంది. నరం మీద పెరిగే ఒక రకం గడ్డ వల్ల కొద్దిమందికి ఇలా ఒక చెవి వినికిడి పోతుంది. అది క్యాన్సర్ కాదు, మెల్లగా పెరుగుతుంది, కానీ ఉందో లేదో తెలియాలి. దానికి ఎంఆర్‌ఐ తీయిస్తారు. ఇది మొదటి రోజే అక్కర్లేదు, మందు ఆపి దీనికోసం ఎదురుచూడటం అసలే వద్దు. చికిత్స అయ్యాక ఒకసారి, ఆరు నెలల్లోపు ఇంకోసారి ఆడియోమెట్రీ చేయించుకోండి. మొదటి రోజు కాగితం పక్కన పెట్టి పోల్చాలి కాబట్టి దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.

ఇది చదివి ‘మాకు ఇప్పటికే నెల దాటిందే’ అనుకునేవాళ్లు ఉంటారు. రెండు వారాల నుంచి ఆరు వారాల మధ్య ఉంటే కర్ణభేరి గుండా ఇచ్చే ఇంజెక్షన్‌ని ఇంకా ప్రయత్నించొచ్చు. ఆ గడువు కూడా దాటిపోతే పోయిన వినికిడిని మందులతో తేవడం కష్టం, డబ్బు తగలేసే ప్రకటనల జోలికి వెళ్లకండి. అప్పుడు కూడా ఆడియోమెట్రీ, ఎంఆర్‌ఐ చేయించుకోవాలి. మిగిలిన వినికిడిని బట్టి వినికిడి యంత్రం గానీ, వినపడని వైపు మాటని బాగున్న చెవికి అందించే క్రాస్ యంత్రం గానీ ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) పెట్టి చూపిస్తారు. కొనేముందు వారం రోజులు ఇంట్లో వాడి చూసే వీలు ఇస్తారేమో అడగండి.